మూత మేస్త్రీ వినని చప్పుడు

మా అన్నయ్యకు అసలు పేరు ఒకటుందన్న సంగతి బజారులో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన మూత మేస్త్రీ. బండి ఆగిపోయిందని ఎవరు తోసుకొచ్చినా సరే, ఎక్కడ ఆగింది, ఎలా ఆగింది అని ఒక్క ముక్క అడగడు. ముందు పెట్రోలు టాంకు మూత తీస్తాడు, లోపలికి తొంగి చూస్తాడు, ఆ తర్వాతే పానా పట్టుకుంటాడు. మైలు దూరం చెమటలు కక్కుతూ తోసుకొచ్చిన బండిలో చుక్క పెట్రోలు లేదని తేలిన రోజులు నేను చాలా చూశాను. అప్పుడు ఆ తోసుకొచ్చిన మహానుభావుడి మొహం చూడాలి! అన్నయ్య మాత్రం నవ్వడు. మూత బిగించి, ఎదురుగా ఉన్న బంకు వైపు వేలు చూపించి, వెనక్కి తిరిగి తన పని చూసుకుంటాడు.

ఆయన షెడ్డుకి ఆనుకునే నా కొట్టు. స్పేరు పార్టులు అమ్ముతాను. వాషర్లు, కేబుళ్ళు, గ్యాస్కెట్లు, కార్బురేటర్లో వేసే ఇత్తడి జెట్లు, ఇంజనాయిలు. ఆయిలు పెద్ద డబ్బాలోంచి లూజుగా కూడా పోస్తాను. షెడ్డుకీ కొట్టుకీ మధ్య గోడలో తల పట్టేంత కిటికీ ఒకటుంది. మా నాన్న బతికుండగా పెట్టించాడు, అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ పని చేసుకుంటారని. పాపం, ఆయన అలా అనుకున్నాడు.

అన్నయ్యకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగం పనిచేస్తుంది, అదీ మనం దగ్గరికి వెళ్ళి గొంతు చించుకుంటేనే. ముప్పై అయిదేళ్ళు సైలెన్సర్ ఊడదీసిన ఇంజన్ల పక్కన కూర్చుంటే చెవులు మిగులుతాయా? కానీ ఆ మాట ఆయన ముందు అనకూడదు. "నాకు వినపడక కాదు, మీరే నోట్లో నోట్లో గొణుగుతారు" అని మన మీదే ఎగురుతాడు. మరి పని ఎలా చేస్తాడంటే కళ్ళతో, చేతులతో, ముక్కుతో. స్పార్కు ప్లగ్గు ఊడదీసి కొస రంగు చూస్తాడు. నల్లగా మసి పట్టి ఉంటే ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందుతోందని, సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే తక్కువ అందుతోందని లెక్క. పొగ వాసన చూస్తాడు. నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. ఇక షెడ్డులో మాటలన్నీ సైగలే. అరచెయ్యి కిందికి దించితే వేగం తగ్గించమని. రెండు వేళ్ళు కలిపి నొక్కితే ప్లగ్గు చూడమని. పిడికిలి బిగించి మెలితిప్పితే మూత తీయమని. ఆయన కూతురికి అక్షరాల కంటే ముందు ఆ సైగలే వచ్చాయి.

ఆ కూతురే నా మేనకోడలు. ఇంట్లో అందరం పిడుగు అంటాం, పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఎగ్జిబిషన్ మైదానంలో చెక్కలతో కట్టిన పెద్ద బావి ఒకటి పెడతారు చూడండి, దాని గోడల మీద మోటారు సైకిళ్ళు గిరగిరా తిప్పుతుంటే జనం పైన అంచు చుట్టూ నిలబడి లోపలికి చూస్తారు. ఆ బావిలో బండి తోలతానంది. ఏదో ముచ్చటపడుతోంది, రెండు రోజుల్లో మానేస్తుందిలే అనుకున్నాం. మానలేదు. అక్కడ ఎవరి బండి వాళ్ళే తెచ్చుకోవాలి, అదీ బరువైన పాత బండి అయితేనే గోడని గట్టిగా పట్టుకుంటుందట. అలాంటిది మా ఇంట్లో ఒక్కటే ఉంది, మా నాన్న బండి. నాకంటే పదేళ్ళు పెద్దది. నాన్న పోయాక నా కొట్టు వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడి ఉండేది, తాళం నా దగ్గర ఉండేది. ఒకరోజు పిడుగు వచ్చి "అత్తా, తాళం" అంది. ఇచ్చేశాను. అన్నయ్యను అడగలేదు. అడిగితే ఇవ్వనివ్వడని తెలుసు కాబట్టే అడగలేదు.

తెలిసిన రోజు అన్నయ్య కిటికీలో తలపెట్టి, "నా బిడ్డ ప్రాణం తీయడానికి తాళం నువ్వే ఇచ్చావు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ కూతురు నీ మాట వినకపోతే నా మీద పడతావేం? నీకే ఏదీ వినపడదు, ఇంక నీ మాట ఎవరు వింటారు!" అన్నాను. నోరు జారానని అప్పుడే తెలిసింది. ఆ ఒక్క మాట మాత్రం ఆయనకు చక్కగా వినపడింది.

అంతే. ఎనిమిది నెలలు మా మధ్య మాటల్లేవు. కిటికీలోంచి చీటీ వచ్చేది, 'బ్రేకు కేబుల్, ఒకటి' అని. నేను కేబుల్ ఇచ్చి, ఆ చీటీ వెనకే 'ఇదే ఆఖరిది' అని రాసి పంపేదాన్ని. ఒక్కోసారి ఆఖరిది కాకపోయినా రాసేదాన్ని, కాస్త కంగారు పడనీ అని. మా వదిన మధ్యలో నలిగిపోయింది. "మీ ఇద్దరూ మనుషులేనా? గోడకున్న కిటికీ అయినా పూడ్పించండి, పీడా పోతుంది" అనేది. ఇద్దరం పూడ్పించలేదు.

ఇంతలో ఒక ఆదివారం నాన్న బండి బావిలో చచ్చింది. గోడ మీద పైన ఎర్రగీత ఉంటుంది, దాన్ని దాటితే జనం మీదికి పోతారు. సరిగ్గా ఆ గీత కింద తిరుగుతుండగా బండి ఒకసారి తుమ్మిందట, ఇంకోసారి తుమ్మి ఊపిరి వదిలేసిందట. పిడుగు ఎలాగో ఏటవాలుగా కిందికి జార్చుకొచ్చింది. మోకాలు చెక్కుకుపోయింది. మొహానికి ఏం కాలేదని వదిన దేవుడికి దణ్ణం పెట్టుకుంది. సోమవారం పొద్దున్నే పిడుగు కుంటుకుంటూ బండిని తోసుకొచ్చి షెడ్డు ముందు నిలబడింది.

"గురువారం నాలుగింటికి ఆట ఉంది నాన్నా. ఈసారి నేను ఎక్కకపోతే నా చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానన్నాడు యజమాని. బండి బాగుచేసినా ఎక్కుతా, చెయ్యకపోయినా ఎక్కుతా" అంది, ఆయన కుడి చెవి దగ్గర నిలబడి.

అన్నయ్య చాలాసేపు ఆ మోకాలి వైపే చూశాడు. నేను కిటికీ పక్కన నట్లు ఏరుతున్నట్టు నటిస్తూ అంతా చూస్తున్నాను. తాళం ఇచ్చింది నేనే మరి.

ఆయన లేచి మూత తీశాడు. బుస్సుమని చిన్న చప్పుడు వచ్చింది, సీసా బిరడా తీసినప్పుడు వచ్చేలాంటిది. లోపలికి తొంగి చూశాడు. పెట్రోలు సగానికి పైనే ఉంది. ప్లగ్గు ఊడదీస్తే కొస తెల్లగా పాలిపోయి ఉంది. అంటే ఇంజను పెట్రోలు చాలక చచ్చింది. కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఒకటి ఉంటుంది, టాంకులోంచి దిగిన పెట్రోలు ముందు అందులో నిలుస్తుంది. ఆ గిన్నె విప్పితే దాదాపు ఖాళీ. టాంకులో ఉన్న పెట్రోలు గిన్నెలోకి ఎందుకు దిగలేదు? గొట్టం ఊడదీసి కుళాయి తిప్పాడు. ధారగా వచ్చింది. ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"కార్బురేటర్ జోలికి ఏమైనా వెళ్ళావా?" అని కూతుర్ని అడిగాడు.

"ఒట్టు నాన్నా, స్క్రూ కూడా ముట్టుకోలేదు."

చీటీ వచ్చింది, 'ఫ్లోటు సూది, ఒకటి' అని. గిన్నెలో పెట్రోలు నిండగానే దారి మూసే సూది అది, అరిగిపోతే మధ్యలో ఇరుక్కుంటుంది. ఉన్నవాటిలో మంచిది ఏరి ఇచ్చాను. చీటీ వెనక ఏమీ రాయలేదు. సాయంత్రానికి బిగించి, బండిని వీధిలో తిప్పి రమ్మన్నాడు. నాలుగు నిమిషాలు పోయింది, మలుపు దగ్గర చచ్చింది. తోసుకొచ్చింది. ఆయన మూత తీశాడు. బుస్సుమంది.

మంగళవారం కుళాయి విప్పి లోపలి జల్లెడ కడిగాడు, గొట్టం మార్చాడు, ఇత్తడి జెట్టుని వెలుతురుకి ఎదురుగా పట్టి దాని సన్న చిల్లుకి కన్ను ఆనించి చూశాడు. ఇంజనుకీ కార్బురేటర్‌కీ మధ్య అతుకులోంచి దొంగగాలి దూరుతోందేమో అని కొత్త గ్యాస్కెట్ వేశాడు. షెడ్డులో స్టాండు మీద పెట్టి నడిపాడు. మూత తీసి పక్కన పెట్టి, టాంకులో పెట్రోలు దిగడం కళ్ళారా చూస్తూ నలభై నిమిషాలు నడిపాడు. ఒక్క తుమ్ము లేదు. బిగించి బయటికి పంపితే మళ్ళీ అదే మలుపు, అదే చావు. మళ్ళీ తోసుకురావడం, మళ్ళీ మూత తీయడం. నా దగ్గర సరుకు కొనడానికొచ్చిన ఆటో అతను కూడా ఆగి చూస్తూ, "షెడ్డులో మహా బుద్ధిమంతురాల్లా నడుస్తోంది, బయటికెళ్తే పెంకితనం చేస్తోంది, మీ ఇంటి మనుషుల్లాగే ఉందమ్మా" అన్నాడు. వాడికి బ్యాలెన్సు చిల్లర నేల మీద పడేలా ఇచ్చాను.

బుధవారం టాంకు మొత్తం దింపి, ఇసుకా రాళ్ళూ వేసి ఊపి, తుప్పు కడిగాడు. వదిన అన్నం క్యారేజీ తెచ్చి పెట్టి వెళ్ళింది, ఆయన దాని మూత కూడా తీయలేదు. ఆయన మొహం చూస్తే నాకు భయం వేసింది. అన్నయ్యకు తెలియని జబ్బు ఏ బండికీ రాలేదు ఇన్నేళ్ళలో. జెట్టు ఒకటి కింద పడితే నేల మీద తడుముకుంటూ వెతుకుతున్నాడు. పిడుగు వచ్చి, "పోనీ వదిలెయ్ నాన్నా, షెడ్డులో బాగానే నడుస్తోందిగా, నాలుగు నిమిషాలు కాకముందే దిగిపోతాలే" అంది. ఆయన జెట్టు ఏరుకుని మళ్ళీ బిగించసాగాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాసి దండగ.

ఆ బుస్సుమనే చప్పుడు మూడు రోజులుగా నేను వింటూనే ఉన్నాను. బండి చచ్చి తోసుకొచ్చిన ప్రతిసారీ, ఆయన మూత తిప్పగానే వచ్చేది. పాత బండి కదా, ముసలాళ్ళు లేస్తూ కూర్చుంటూ మూలిగినట్టు ఏదో మూలుగుతోంది అనుకున్నాను. కానీ బుధవారం సాయంత్రం మళ్ళీ వినపడితే ఎందుకో అడగాలనిపించింది. 'అదేంటి, మూత తీస్తే బుస్సుమంటోంది?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలో తలపెట్టాను. అన్నయ్య తలెత్తి నన్ను చూశాడు. చూసి, కావాలని, పనిచేసే ఆ కుడి చెవిని అటువైపు తిప్పేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆహా, అలాగా! మేస్త్రీ ఆయన, పార్టులు అమ్ముకునేదాన్ని నేను, నాకెందుకు వచ్చిన గొడవ అనుకుని తల వెనక్కి లాక్కున్నాను. కిటికీ రెక్క కూడా వేసేశాను.

గురువారం మూడున్నరకి మైదానానికి వెళ్ళాను. వదిన రానంది. "నేను చూడలేను, మీరిద్దరూ చూడండి, మీకే గుండె రాయి" అని వంటింట్లో గోడకి తిరిగి కూర్చుంది. అన్నయ్య అప్పటికే బావి అడుగున తలుపు దగ్గర బండి పక్కన ఉన్నాడు. పొద్దున్నుంచి మరోసారి విప్పి బిగించాడని ఆయన గోళ్ళ సందులో మసే చెబుతోంది. పిడుగు మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చింది, బండి తుమ్మలేదు. ఆయన అలవాటు ప్రకారం మూత తీశాడు, చూశాడు, బిగించాడు. నేను మెట్లెక్కి పైకి పోయాను. ఆయన కూడా వచ్చి బావి అంచుకి అవతలి వైపు నిలబడ్డాడు. మా ఇద్దరి మధ్య బావి వెడల్పు ఉంది.

తలుపు మూశారు. పిడుగు కాలితో తన్ని స్టార్టు చేసింది. నాన్న బండి చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, సాయంత్రం వీధి మొదట్లో అది వినపడితే పుస్తకాలు ముందేసుకునేవాళ్ళం. ఇప్పుడదే చప్పుడు చెక్కల మధ్య పదింతలై మోగుతోంది. నేల మీద రెండు చుట్లు, ఏటవాలు మీద ఒకటి, తర్వాత గోడెక్కింది. బావి మొత్తం ఊగుతోంది. నా కాళ్ళ కింద పలకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒక నిమిషం అయింది. రెండయ్యాయి. అమ్మాయి రెండు చేతులూ వదిలేసింది, జనం ఈలలు. నేను రెయిలింగ్ పట్టుకుని నిమిషాలు లెక్కపెడుతున్నాను. అవతల అన్నయ్య పెదవులు కూడా కదులుతున్నాయి.

చూడలేక తల పక్కకి తిప్పాను. కింద, బావి బయట, జనరేటర్ అతను ఇంజనులో ఆయిలు పోస్తున్నాడు. కొత్త డబ్బా. మేకుతో ఒక్క చిల్లు పొడిచి తలకిందులు చేశాడు. అది గుడగుడమని నాలుగు గుక్కలు పోసి ఆగిపోయింది. అతను డబ్బాని కొడుతున్నాడు, ఊపుతున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయిలు అమ్ముతున్నదాన్ని, అది చూసి ఊరుకోవడం నా వల్ల కాదు. అంత భయంలోనూ నోరు ఊరుకోలేదు.

"ఏవయ్యా, బుద్ధుందా! రెండో చిల్లు పెట్టు! గాలి లోపలికి పోకపోతే ఆయిలు బయటికెలా వస్తుంది?" అని అరిచాను.

నా మాట నా చెవినే పడింది.

గాలి లోపలికి పోకపోతే! మూత తీసినప్పుడల్లా బుస్సుమంటున్నది గాలి. టాంకు గాలి కోసం మొహం వాచిపోయి ఉంది. పెట్రోలు దిగుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, మూతకి చిల్లు ఉండాలి. ఆ చిల్లు మూసుకుపోయింది. నాలుగు నిమిషాలకి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. అన్నయ్య మూత తీయగానే గాలి పోయి జబ్బు మాయమైపోతుంది. రోగం ఆయన చేతిలోనే ఉంది, ఆయనే దాన్ని చేతులారా తుడిచేస్తున్నాడు, ఆ చప్పుడు ఆయనకు వినపడదు. నాకు వినపడుతుంది. నేను కిటికీ రెక్క వేసుకున్నాను.

ఎలా కదిలానో తెలియదు. జనాన్ని తోసుకుంటూ, ఎవరి కాళ్ళు తొక్కానో, ఎవరు తిట్టారో, బావి చుట్టూ సగం పరిగెత్తాను. ముందు ఆయన ఎడమ పక్కకి చేరాను, అటు అరిచి లాభం లేదు. వెనక నుంచి తిరిగి కుడి పక్కకి వచ్చి, జబ్బ పట్టుకుని గుంజి, చెవిలో నోరు పెట్టి అరిచాను.

"అన్నయ్యా! మూత! మూతకి గాలి లేదు! నువ్వు తీసినప్పుడల్లా బుస్సుమంటోంది, సోమవారం నుంచీ!"

ఎనిమిది నెలల తర్వాత నేను ఆయనతో అన్న మొదటి మాటలు అవి. ఆయన నా వైపు తిరిగాడు. ఏంటని అడగలేదు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం చూశాను. అదే క్షణంలో కింద బండి తుమ్మింది.

అది మామూలుగా అయితే ఎవరికీ వినపడదు. నాకు మాత్రం ఉరుము ఉరిమినట్టే వినపడింది. ఎర్రగీతకి జానెడు కింద ఉంది అమ్మాయి. రెండో తుమ్ము. బండి గోడ మీద ఒక అడుగు జారింది, మళ్ళీ పట్టుకుంది. దించుకోవాలంటే బండికి ఊపు ఉండాలి, ఆ ఊపే పోతోంది. పిడుగు తల ఎత్తింది. ఆ పిల్ల కళ్ళలో భయం నేను అప్పటిదాకా ఎప్పుడూ చూడలేదు.

అన్నయ్య రెయిలింగ్ మీదికి నడుము దాకా వంగాడు. పడిపోతాడని చొక్కా వెనక నుంచి పట్టుకున్నాను. కుడి చెయ్యి చాచి, పిడికిలి బిగించి, మెలితిప్పాడు. బండి అటు తిరిగిపోయింది. ఒక చుట్టు. మళ్ళీ మా కిందికి వచ్చింది. మళ్ళీ పిడికిలి మెలితిప్పాడు. ఎందుకని అడిగే పిల్ల కాదు షెడ్డులో అయితే. ఇక్కడ గోడ మీద, చచ్చిపోతున్న బండి మీద, టాంకు మూత తీయమంటే తీస్తుందా?

ఎడమ చెయ్యి వదిలింది. టాంకు మీద వేసింది. తిప్పింది.

నాకు బుస్సు వినపడలేదు, ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? కానీ పెట్రోలు తుంపర్లు ఆమె మోకాళ్ళ మీద పడటం కనపడింది. బండి ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు అని, నాన్న బండి చప్పుడు మళ్ళీ నిండుగా వచ్చేసింది. అరచేత్తో మూత అదిమి పట్టుకుని, ఒంటిచేత్తో, ఒక్కొక్క చుట్టూ దిగుతూ నేలమీదికి వచ్చి ఆగింది. జనం అదీ ఆటలో ఒక విద్యే అనుకుని చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నాయన, "మూత తీసి తోలడం నిన్నటి ఆటలో లేదే" అని వాళ్ళావిడతో మెచ్చుకోలుగా అన్నాడు. ఆయన్ని కొట్టాలో, కాళ్ళ మీద పడాలో నాకు తెలియలేదు.

మేం దిగేసరికి పిడుగు బండికి ఆనుకుని కూర్చుని ఉంది. అన్నయ్య మూత చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి టాంకులోకి చూడలేదు. మూతని బోర్లా తిప్పి దాని కడుపులోకి చూశాడు. ఇన్నేళ్ళలో మూత తీసి లోపలికి చూశాడే గాని, మూతని ఎన్నడూ చూడలేదు. గాలి చిల్లులో తీగె పెట్టి గుచ్చితే ఎండిపోయిన సబ్బు ముక్క ఊడి అరచేతిలో పడింది.

"ఇదెక్కడిదే?"

"గోడ మీద పెట్రోలు ఆ చిల్లులోంచి చింది కాళ్ళ మీద పడుతోంది నాన్నా. మిగతావాళ్ళు గుడ్డపీలిక కుక్కుతారు. నేను సబ్బు పెట్టా. రెండు వారాలైంది, ఎండి ఇప్పుడు బిగుసుకుపోయినట్టుంది." పిడుగు గొంతు సన్నగా అయిపోయింది. "టాంకు కారితే సబ్బు రాయాలని నువ్వే చెప్పావుగా. కార్బురేటర్ గురించే అడిగావు నువ్వు, మూత గురించి అడగలేదు."

చెప్పింది నిజమే. చిల్లుపడ్డ టాంకుని దారిలో సబ్బుతో ఆపడం ఆ పిల్లకి నేర్పింది ఆయనే. కూతుర్ని తిట్టలేదు. తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచి, నా వైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచి విన్నావు?"

"సోమవారం నుంచి."

"తీసినప్పుడల్లా?"

"తీసినప్పుడల్లా."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి తేలిక పడేదాన్ని. ఆయన చేతిలోని సబ్బు ముక్క వైపు చూస్తూ, "నాకు వినపడలేదే" అన్నాడు. అంతే అన్నాడు. ముప్పై అయిదేళ్ళలో ఆ మాట ఆయన నోటి నుంచి వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది మధ్య, ఆయిలు మరకల నేలమీద చతికిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. తప్పు ఆయన చెవిది కాదు, నా నోటిది. ఎనిమిది నెలల కిందట తెరవకూడని చోట తెరిచాను, తెరవాల్సిన చోట మూసుకున్నాను.

పిడుగు ఇప్పటికీ ఆ బావిలో బండి తోలుతోంది. అన్నయ్యకు ఇప్పటికీ ఇష్టం లేదు, వదిన ఇప్పటికీ గోడకి తిరిగి కూర్చుంటుంది. మూతకి మాత్రం అన్నయ్య సన్నటి వంపు గొట్టం ఒకటి అతికించాడు, గాలి పోతుంది, పెట్రోలు రాదు. గొట్టం ఇచ్చింది నేను. చీటీ రాలేదు. కిటికీలో తలపెట్టి, "ఒసేయ్, సన్న గొట్టం ముక్క ఉందా?" అని అరిచి అడిగాడు. "అంత అరవక్కర్లేదు, నాకు చెవుడు లేదు" అన్నాను. నవ్వాడు.

మూత మేస్త్రీ పేరు పోలేదు, అలవాటూ పోలేదు. ఎవరు బండి తోసుకొచ్చినా ముందు మూత మీదే చెయ్యి వేస్తాడు. కాకపోతే వెంటనే తిప్పడు. కిటికీ వైపు చూస్తాడు. నేను బేరం మధ్యలో ఆపి, ఎదురుగా ఉన్నవాళ్ళని నోరుమూసుకోమని చెప్పి, కిటికీలోంచి షెడ్డులోకి తల పెడతాను.

"ఊఁ, తియ్యి" అంటాను.